వైన్ షాపులో వైన్ ఏదీ?

2025 దీపావళికి మా చిన్నమ్మ కూతురు బెంగళూరు నుంచి మా ఇంటికి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. పాకాల స్టేషన్‌లో రైలు దిగి, ఆటోలో ఇంటికొచ్చి, స్నానం చేసి, సంచీలోంచి ఒక్కొక్కటే బయటికి తీసింది. మా అత్తకు మైసూరుపాకు, పిల్లలకు టపాసులు, నాకో చీర. ఆఖరున పాత చున్నీలో చుట్టిపెట్టిన సీసా ఒకటి.

"అక్కా, ఇది ఆఫీసులో పండక్కి ఇచ్చినారు. వైన్. రూములో పెట్టి రావడానికి మనసొప్పలా, పారేయడానికీ మనసొప్పలా" అంది గొంతు తగ్గించి.

అంతలోనే మా అత్త వచ్చేసింది. "ఏందమ్మే అది, కషాయమా?" అంది. "ద్రాక్షరసం అత్తా" అన్నాను నేను. అది అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. ఆ రెండింటి మధ్య ఉన్నదేమిటో తేల్చుకుందామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక మేడమీద కూర్చున్నాం. అసలు సంగతి అప్పుడు చెప్పింది. ఆఫీసు పార్టీల్లో అందరి చేతికీ వైన్ గ్లాసు ఇస్తారట. మొదట్లో వద్దంటే, ఇంకా పల్లెటూరి పిల్లవేనా అని నవ్వారట. "రెండుసార్లు తాగినానక్కా. నచ్చిందో లేదో కూడా నాకు తెలియలా. రూముకొచ్చి అమ్మతో ఫోన్లో మాట్లాడాలంటే భయమేసింది. నువ్వు చెప్పు, నేను చేసింది తప్పా?"

'తప్పే' అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆగాను. ఎందుకంటే ఆ జవాబు ఆ పిల్లది కాదు, మా నాయనది.

అమ్మ కమ్మలు

నాకు ఐదారేళ్లప్పుడు మా పుట్టింటి పల్లెలో సారా ప్యాకెట్లు దొరికేవి. మా నాయన కూలి డబ్బులు ఇంటికి రాకముందే దారిలో కరిగిపోయేవి. ఒకసారి అమ్మ చెవులు బోడిగా కనిపిస్తే, "కమ్మలేవమ్మా?" అని అడిగాను. "మెరుగు పెట్టించడానికి ఇచ్చినాను" అంది. ఆ మెరుగు ఈనాటికీ పూర్తి కాలేదు.

ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లాలో ఒక పెద్ద కదలిక వచ్చింది. 1991లో అక్కడ అక్షరదీపం పేరుతో వయోజన విద్య మొదలయింది. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూనే ఆడవాళ్లు తమ కష్టాలకు మూలం సారా దుకాణమని గుర్తుపట్టారు. దూబగుంటలో మొదలైన ఆ పోరాటానికి రోశమ్మ గారు గుర్తుగా నిలిచారు. అది 1992 నాటికి జిల్లాలు దాటి మన చిత్తూరు పల్లెలకూ పాకింది. మా అమ్మ చీపురు పట్టుకుని నలుగురితో కలిసి దుకాణం ముందు నిలబడటం నాకు మసకమసకగా గుర్తు. అంతకుముందు ఆమె పెద్ద గొంతుతో మాట్లాడటం నేను వినలేదు.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. సారా పోయిన చోట 'వైన్ షాపు' బోర్డులు వెలిశాయి. మా నాయన సారా మానేశాడు గానీ తాగుడు మానలేదు. నేను ఇంటర్ చదివేటప్పుడు లివరు చెడిపోయి పోయాడు. అందుకే నాకు 'వైన్' అన్న మాట వింటే ద్రాక్షపళ్లు గుర్తుకు రావు. మా నాయన తువ్వాలు వాసన గుర్తుకొస్తుంది.

కానీ ఇరవై ఆరేళ్ల పిల్ల నమ్మి అడిగినప్పుడు నా గాయాన్నే జవాబుగా ఇవ్వడం న్యాయమా? ముందు నేను తెలుసుకోవాలి కదా అనుకున్నాను.

బోర్డు మీద ఒకటి, లోపల ఒకటి

మర్నాడు మావారిని అడిగాను, "వైన్ షాపులో వైన్ ఎన్ని రకాలుంటాయో కాస్త చూసి రాగూడదా?" అని. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. వెళ్లొచ్చి, "బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు. వైన్ మాత్రం లేదు" అన్నారు. చెప్పొద్దూ, ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. వీధి వీధికీ వైన్ షాపులే, వైన్ మాత్రం కనబడదు!

నవ్వులాటగా ఉన్నా ఇందులో ఒక కిటుకుంది. బ్రాందీ కొట్టు, సారా కొట్టు అంటే చెవికి మొరటుగా తగులుతుంది. వైన్ అంటే నాజూగ్గా ఉంటుంది. ఆ నాజూకు పేరు కింద మన ఊళ్లల్లో అమ్ముడుపోయేదంతా ఘాటు సరుకే. 2019 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలను లాటరీ తీసి మళ్లీ ప్రైవేటు వాళ్లకిచ్చారు, 99 రూపాయలకే క్వార్టరు సీసా తెచ్చారు. 2025 అక్టోబరులో, సరిగ్గా మా దీపావళి నెలలోనే, మదనపల్లె దగ్గరి ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడింది. ఏలుబడి మారినప్పుడల్లా పాలసీ మారుతుంది. ఇంట్లో కమ్మల కథ మాత్రం మారదు.

అసలు వైన్ అంటే

ఇడ్లీ పిండి రాత్రి కలిపిపెడితే తెల్లారేసరికి పొంగుతుంది కదా. పొంగించేది కంటికి కనపడని సూక్ష్మజీవులే. వైన్ కూడా అలాంటి పులియబెట్టే పనే. ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవి తిని, ఆల్కహాల్‌గానూ బొగ్గుపులుసు వాయువుగానూ మారుస్తుంది. చక్కెరంతా అయిపోయేదాకా పులిస్తే తీపి మిగలదు. దాన్నే 'డ్రై' వైన్ అంటారు. మధ్యలో ఆపితే తీపి ఉంటుంది. ఎర్ర వైన్‌లో నల్ల ద్రాక్షల తోలు కూడా రసంతోపాటు నానుతుంది. రంగూ వగరూ తోలు నుంచే వస్తాయి. తెల్ల వైన్‌కు ముందే పిండి రసం ఒక్కటే పులియబెడతారు.

వైన్‌ను కాచి, ఆవిరిని చల్లార్చి పట్టితే వచ్చేది అసలు బ్రాందీ. మన దగ్గర బ్రాందీ పేరుతో అమ్మేదాంట్లో ఎక్కువ భాగం చెరుకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్టే. అంటే మన వైన్ షాపులో వైనూ లేదు, చాలా బ్రాందీల్లో ద్రాక్షా లేదు!

పులిసిన ద్రాక్షరసం మన ఇళ్లకు కొత్తేమీ కాదండోయ్. నీరసానికి ద్రాక్షాసవం, బాలింతకు దశమూలారిష్టం పెద్దవాళ్లు పోసేవారు. పులియడంలో దానంతటదే పుట్టిన ఆల్కహాల్ వాటిలో ఉంటుందని సీసా మీదే రాసి ఉంటుంది. మా అత్త బీరువాలో అలాంటి సీసా ఇప్పటికీ ఉంది. మందు మోతాదు దాటదు, పార్టీలో చేతికిచ్చే గ్లాసుకు మోతాదు ఉండదు. తేడా అక్కడుంది.

సీసాను చదవడం

ఆ మధ్యాహ్నం మేమిద్దరం సీసాను మందుల చీటీ చదివినట్టు చదివాం. కొత్తవాళ్లకు పనికొస్తాయని ఆ సంగతులు ఇక్కడ పెడుతున్నాను. తాగమని కాదు, తెలియక తాగకూడదని.

మొదట ఆల్కహాల్ శాతం చూడాలి. వైన్‌లో సాధారణంగా 12 నుంచి 14 ఉంటుంది. మామూలు బీరులో 5, స్ట్రాంగ్ అనేదాంట్లో 8 దాకా. మన బ్రాందీ, విస్కీల్లో 42.8. దీన్నిబట్టి వైన్ తేలికే కదా అనిపిస్తుంది. ఇక్కడే మోసపోతాం. నేను కాగితం మీద లెక్క వేశాను. 180 మిల్లీలీటర్ల క్వార్టరు బ్రాందీలో 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంది. 750 మిల్లీలీటర్ల వైన్ సీసాలో, 13 శాతం అనుకుంటే, 97 పైచిలుకు. ఒక్క వైన్ సీసా ఖాళీ చేయడమంటే క్వార్టరు తాగి, ఇంకా కొంచెం పోసుకున్నట్టే. పార్టీలో పోసే 150 మిల్లీలీటర్ల గ్లాసు ఒకటిన్నర చిన్న పెగ్గులకు సమానం. గ్లాసు సన్నగా, అందంగా ఉన్నంత మాత్రాన లెక్క మారదు.

రెండోది ద్రాక్ష పేరు. షిరాజ్, కాబర్నే అంటే ఎర్రవి. షెనిన్ బ్లాంక్, సావిన్యోన్ బ్లాంక్ అంటే తెల్లవి. ఇవి మనం తినే ద్రాక్షల్లా ఉండవు. చిన్నవి, తోలు మందం, గింజలెక్కువ. హైదరాబాదు పేరు మోగించిన అనాబ్-ఎ-షాహి తినే ద్రాక్ష. మన పొరుగున కోలారు, చిక్కబళ్లాపురం వైపు పండే బెంగళూరు బ్లూ రసానికీ, తియ్యటి పోర్ట్ వైన్‌కీ వాడతారు.

మూడోది హెచ్చరికలు. 2019 నుంచి మన దేశంలో ప్రతి మద్యం సీసా మీదా ఆరోగ్యానికి హానికరమని రాసి తీరాలి. వైన్ పాడవకుండా వేసే సల్ఫైట్ల సంగతీ ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి అవి పడవు.

కొన్ని అపోహలు కూడా పోయాయి. పాతబడేకొద్దీ రుచి అనేది కొద్ది రకాలకే. మిగతావన్నీ రెండు మూడేళ్లలో తాగేయాల్సినవే. ఎర్ర వైన్ గది వేడిలో ఉంచాలంటారు, ఆ గది చలి దేశపు గది. 16, 18 డిగ్రీల మాట అది. మే నెలలో పాకాల వంటగదిలో పెడితే కషాయమే అవుతుంది. ఖరీదు ఎక్కువైతే మంచిదనేదీ నిజం కాదు. విదేశీ వైన్ ధరలో పెద్ద వాటా సుంకానిది. ఆ సుంకం చాలాకాలం 150 శాతం ఉండేది. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చాక, ఆ దేశపు వైన్లలో ఒక స్థాయి ధర దాటిన వాటికి తగ్గడం మొదలయింది. ఇంకో మాట. ఒక రాష్ట్రంలో కొన్న సీసాను ఇంకో రాష్ట్రానికి తెచ్చేముందు ఎక్సైజ్ నియమాలు కనుక్కోవాలి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు.

"గుండెకు మంచిదే" అనే మాట

మా చెల్లెలి ఆఫీసులో ఈ మాట అంటారట. ఇది ఎక్కడ పుట్టిందో తెలుసా? ఫ్రెంచివాళ్లు వెన్న, మాంసం బాగా తిన్నా గుండెజబ్బులు తక్కువని, దానికి ఎర్ర వైన్ కారణం కావచ్చని 1991 నవంబరులో అమెరికా టీవీ కార్యక్రమం ఒకటి చెప్పింది. దాంతో అక్కడ ఎర్ర వైన్ అమ్మకాలు ఎగబాకాయి. మన నెల్లూరు ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఏడాదే అది. అక్కడ టీవీ చూసి సీసా కొన్నారు, ఇక్కడ పలక పట్టి దుకాణం మూయించారు.

తర్వాత శాస్త్రం మాట మార్చింది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యానికి హాని లేని మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని తేల్చి చెప్పింది. యూరప్‌లో మద్యం వల్ల వచ్చే క్యాన్సర్లలో సగం కొద్దిగానో, మధ్యస్థంగానో తాగేవాళ్లకే వస్తున్నాయట. అంటే వారానికి లీటరున్నర కన్నా తక్కువ వైన్ తాగేవాళ్లకు. వాటిలో ఆడవాళ్ల రొమ్ము క్యాన్సర్లే ఎక్కువ. పైగా మన శరీరంలో నీటి పాలు మగవాళ్ల కన్నా తక్కువ కాబట్టి, అంతే తాగినా రక్తంలో ఆల్కహాల్ ఎక్కువ చేరుతుంది. గర్భిణికైతే ఒక్క గుక్క కూడా క్షేమమని చెప్పే మోతాదు లేదు. ఎర్ర వైన్ తాగితే ఒంటికి రంగొస్తుందని, పుట్టబోయే బిడ్డ తెల్లగా ఉంటుందని మన ఊళ్లల్లో చెవిలో చెప్పుకునే మాట శుద్ధ అబద్ధం. ఈ అబద్ధం బిడ్డకే ప్రమాదం.

రైతు పేరు, ఆడవాళ్ల పేరు

వైన్‌కు తలుపు తెరవాలన్నప్పుడల్లా రెండు పేర్లు ముందుకొస్తాయి. ఒకటి రైతు. కర్ణాటక 2007లో ద్రాక్ష వైన్ విధానం తెచ్చి ఒక బోర్డు పెట్టింది. మహారాష్ట్ర 2022 జనవరి 27న సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మవచ్చని నిర్ణయించింది. నాసిక్ ద్రాక్ష రైతుకు మేలని ప్రభుత్వం అంది. పచారీ సరుకుల పక్కన సీసాలేమిటని జనం తిరగబడ్డారు. అన్నా హజారే నిరాహారదీక్షకు సిద్ధపడ్డారు. నిర్ణయం ఆగిపోయింది.

రైతు గోడు అబద్ధమని నేననను. మా మండలంలోనే దామలచెరువు మామిడి మార్కెట్ ఉంది. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయి, కాయలు కోసిన కూలి కూడా రాక రైతులు ఏడ్చారు. కిలో 12 రూపాయలు దక్కేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలన్నారు. ఆ ఎనిమిదీ అందలేదని రైతులు రోడ్డెక్కారు. మామిడితోనూ వైన్ చేస్తే పోదా అని మావారు అన్నారు. చేయవచ్చు, పండ్లతో వైన్ చేసేవాళ్లున్నారు. కానీ గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర ధర నిలబెట్టలేని వ్యవస్థ వైన్ ఫ్యాక్టరీ దగ్గర నిలబెడుతుందా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాకే సీసా సంగతి మాట్లాడాలి.

రెండో పేరు ఆడవాళ్లది. సినిమాల్లో, ప్రకటనల్లో సొంత కాళ్ల మీద నిలబడ్డ ఆడపిల్ల చేతిలో ఇప్పుడు వైన్ గ్లాసు ఉంటోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో నూటికి 19 మంది తాగుతారు. ఆడవాళ్లలో ఒకరికి కాస్త ఎక్కువ. వ్యాపారి కళ్లతో చూస్తే ఆ మిగతా తొంభై ఎనిమిది మందీ ఇంకా ఖాతా తెరవని కొత్త కొనుగోలుదార్లు. సమానత్వం పేరు చెప్పి మనకు అమ్మజూపుతున్నది ఏమిటో ఒకసారి ఆలోచించండి.

అయితే ఇంకో పక్కా చూడాలి. అదే సర్వేలో, తరచూ తాగే భర్తల భార్యల్లో నూటికి 70 మంది దెబ్బలో, బలవంతమో అనుభవించామన్నారు. తాగని భర్తల ఇళ్లల్లో అది 23. ఇన్ని ఇళ్లు ఇలా తగలబడుతుంటే పండగపూట బాబాయి క్వార్టరు వేసుకొస్తే 'మగాడు, అలిసిపోయుంటాడు' అంటాం. పిల్ల ఒక గ్లాసు ముట్టుకుంటే వంశం పరువంటాం. తాగుడు చెడ్డదైతే ఇద్దరికీ చెడ్డదే. మా చెల్లెలికి అమ్మతో మాట్లాడటానికి భయం వేసింది. మా నాయనకు ఎన్నడూ ఎవరితో మాట్లాడటానికీ భయం వేయలేదు.

చివరికి

ఆ రాత్రి మళ్లీ మేడమీద కూర్చున్నాం. "నువ్వు చేసింది నేరం కాదు. కానీ నీకు ఇష్టమో కాదో తెలియకుండా, వాళ్లు నవ్వుతారని తాగావే, అది నాకు బాధగా ఉంది" అన్నాను. తను కాసేపు మాట్లాడలేదు. తర్వాత సీసా మూత తిప్పి స్టీలు గ్లాసులో రెండు గుక్కలు పోసింది. ముందు నాకు వాసన చూపించింది. మా నాయన తువ్వాలు వాసన వస్తుందనుకున్నాను, రాలేదు. పుల్లటి పళ్ల వాసన, దాని అడుగున ఎక్కడో పాతది ఒకటి లీలగా. నేను గ్లాసు ముట్టుకోలేదు. అది నా నిర్ణయం.

తను ఒక గుక్క నాలుక మీద నిలిపి మింగింది. "వగరక్కా. నేరేడుపండు తిన్నట్టు నాలుక పట్టేస్తా ఉంది. నాకిది నచ్చలా" అంది. వెంటనే ఫక్కున నవ్వింది. "ఇన్నాళ్లూ నచ్చలేదని చెప్పడం కూడా రాలా నాకు!"

మిగిలింది పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పోశాం. కొత్త సంవత్సరం పార్టీలో నిమ్మరసం అడిగి తీసుకున్నానని, ఎవరూ నవ్వలేదని ఫోన్ చేసింది. ఒకవేళ నవ్వినా ఈసారి భయపడి ఉండేది కాదనుకుంటాను.

ఇంకొకరికి ఆ రుచి నచ్చవచ్చు. పెద్దవాళ్లు, లెక్క తెలిసినవాళ్లు, తమ నిర్ణయం తాము చేసుకుంటారు. నేను కోరేదల్లా ఆ నిర్ణయం మేనేజరుదీ, ప్రకటనదీ, భయానిదీ కాకూడదని. నెల్లూరు ఆడవాళ్లు పలక పట్టి నేర్చుకున్నదీ అదే కదా, ఎదుట ఉన్నదాన్ని చదవడం.

మర్నాడు పొద్దున మా అత్త అడిగింది, "ఆ ద్రాక్షరసం యాడమ్మే?" అని. "చెట్టుకు పోసేసినాం అత్తా" అన్నాను. "చెట్టుకా! నా మోకాళ్ల నొప్పులకన్నా ఇచ్చింటే పోయేది కదమ్మే" అంది.

సాయంత్రం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని సీసా మీది అక్షరాలు చదివి వినిపించాను.